కొలుపుల చందా ఇవ్వలేదని కూలీలను ఆపుతున్నారు, ఏం చేయాలి?

కావలి దగ్గర పల్లె మాది. నాన్న హేతువాది. అమ్మ శుక్రవారం పూజ మానదు, ఆ విషయంలో ఇంట్లో ఏ గొడవా లేదు. గొడవంతా ఊళ్లోనే. పోలేరమ్మ కొలుపులకు ఇంటికింత అని చందా వేశారు. బడికి ఫ్యాన్లు కొనిస్తాను గానీ దీనికి ఇవ్వనన్నారు నాన్న. అప్పట్నుంచి మా పొలానికి కూలీలను రానివ్వడం లేదు. అన్నయ్య వార్డు మెంబరుగా నిలబడతాడని తెలిసి, 'దేవుడు లేనోళ్లకు ఓటేస్తారా' అని ప్రచారం కూడా మొదలైంది. అందులో మా బాబాయి ముందున్నాడు!

రాజ్యాంగంలో 25వ అధికరణ అంతఃకరణ స్వేచ్ఛ ఇచ్చిందని, శాస్త్రీయ దృక్పథం పౌరుడి విధి అని 1976లోనే 51ఎ చేర్చారని నాన్న వాదిస్తారు. నిజమే, కానీ నారు ముదిరిపోతోంది. తహసీల్దారుకు అర్జీ ఇవ్వాలా, పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలా? కేసు పెడితే ఊరితో పూర్తిగా చెడుతుందని అమ్మకు టెన్షన్. ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు ఉంటే చెప్పండి.