జానిస్ జాప్లిన్ పోర్షే 356: రంగు మారితే కారు మారినట్టేనా?

ప్రశ్న

అమెరికన్ గాయని జానిస్ జాప్లిన్ నడిపిన 1964 నాటి పోర్షే 356 సి క్యాబ్రియోలే (పైకప్పు తెరుచుకునే కారు) ఎవరెవరి చేతులు మారిందో వరుసగా రాసుకుంటున్నాను. 1968లో ఆమె దానిని పాత కారుగానే 3,500 డాలర్లకు కొని, తమ బృందంలో సామగ్రి చూసుకునే డేవ్ రిచర్డ్స్‌కు 500 డాలర్లు ఇచ్చి ఒళ్లంతా బొమ్మలు వేయించారు. అయితే ఇప్పుడు దాని మీద ఉన్నది రిచర్డ్స్ వేసిన రంగు కాదని చదివాను. అలాగైతే 2015 డిసెంబరులో న్యూయార్క్ వేలంలో పలికిన 17.6 లక్షల డాలర్లు దేనికి చెల్లించినట్టు?

మొదటి సమాధానం

జాప్లిన్ తర్వాతి వరుస స్పష్టంగానే ఉందండి. 1970 అక్టోబరులో ఆమె మరణించాక ఆమె మేనేజరు ఆల్బర్ట్ గ్రాస్‌మన్ దానిని కొంతకాలం వాడుకున్నారు. ఆపైన జాప్లిన్ తోబుట్టువులు లారా, మైకేల్ తిరిగి తెచ్చుకున్నారు. 1995 నుంచి సుమారు ఇరవై ఏళ్లు క్లీవ్‌లాండ్‌లోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంలో ప్రదర్శనకు ఉన్నా, అది కుటుంబం అరువుగా ఇచ్చిందే తప్ప విక్రయం కాదు. కాబట్టి మ్యూజియాన్ని యజమానుల జాబితాలో చేర్చకండి. చాలామంది చేసే పొరపాటు ఇదే.

రెండవ సమాధానం

రంగు కథ వేరు, దానిని విడిగానే చెప్పాలి. 1969లో కారు దొంగతనానికి గురైనప్పుడు దొంగ ఆ బొమ్మల మీద బూడిద రంగు చల్లాడు. పైన పారదర్శకమైన వార్నిష్ పూత ఉండబట్టి రిచర్డ్స్ ఆ రంగును తీసి కింది చిత్రాన్ని కాపాడగలిగారు. సీతాకోకచిలుకలు, మకరరాశి గుర్తు, ఉత్తర కాలిఫోర్నియా కొండలు, జాప్లిన్‌తో పాటు ఆమె బృంద సభ్యుల ముఖాలు అందులో ఉండేవి. అలా దొంగ బారి నుంచి దక్కిన ఆ చిత్రం తర్వాత వాడకానికీ ఎండకూ పెచ్చులూడిపోయింది. కుటుంబం ఒకసారి కారును ఫ్యాక్టరీ నాటి బూడిద రంగుకు మార్చి, 1990ల మొదట్లో డెన్వర్ నాటక సంస్థ కళాకారుల చేత, పాత ఫోటోల ఆధారంగా ఆ బొమ్మలను మళ్లీ వేయించింది. అది శ్రద్ధగా చేసిన ప్రతిరూపమే కానీ రిచర్డ్స్ పని కాదు. మీ రాతలో ఈ మాట దాచవద్దని నా విన్నపం.

మూడవ సమాధానం

మీ అసలు ప్రశ్నకు జవాబు లోహంలో ఉంది. 356లో బాడీ, కింది ప్లాట్‌ఫారం (కారు అడుగు భాగం) కలిపి వెల్డింగ్ చేసి ఉంటాయి కనుక, విడి ఛాసీ (చట్రం) మీద బాడీని దించి మార్చే పాత కార్లలాగా దీని గుర్తింపు చెదిరిపోదు. పోర్షే ఫ్యాక్టరీ ప్రతి కారుకూ కార్డెక్స్ అనే కార్డు మీద ఛాసీ నంబరు, ఇంజను నంబరు, మొదటి రంగు నమోదు చేసేది; కారు మీది నంబర్లను దానితో సరిచూస్తారు. ఆ వేలంలో ముందస్తు అంచనా 4 నుంచి 6 లక్షల డాలర్లే. గరిష్ఠ అంచనాకు దాదాపు మూడు రెట్లు పలికింది కొత్త రంగుకు కాదు, జాప్లిన్ చేతి నుంచి ఆమె కుటుంబం చేతికి వచ్చి, అక్కడి నుంచి తొలిసారి బయటికి అమ్ముడైన కారు కావడానికే అని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి. నేను మ్యూజియాన్ని యజమానిగానే రాసుకున్నాను, ఇప్పుడే కొట్టివేశాను. రంగుల చరిత్రకు వేరే పట్టిక పెట్టి, రిచర్డ్స్ చిత్రాన్నీ డెన్వర్ ప్రతిరూపాన్నీ రెండు వేర్వేరు వరుసల్లో చూపిస్తాను.