విటమిన్ డి: వారపు మోతాదును రోజూ వేసుకోవచ్చా?

ప్రశ్న: రక్తపరీక్షలో నా విటమిన్ డి మిల్లీలీటరుకు 11 నానోగ్రాములే ఉందని తేలడంతో, 50,000 యూనిట్ల గుళికను వారానికి ఒకటి చొప్పున 8 వారాలు వాడమని వైద్యులు రాశారు. ఒళ్లునొప్పులు త్వరగా తగ్గడానికి దానిని రోజూ వేసుకోవచ్చా?

జవాబు 1: దయచేసి అలా చేయకండి. విటమిన్ డి కొవ్వులో కరిగేది కనుక, ఎక్కువైనది సులువుగా మూత్రంలో పోకుండా శరీరంలో నిల్వ ఉండి, రక్తంలో కాల్షియాన్ని పెంచుతుంది. అతిదాహం, వాంతులు, మలబద్ధకంతో మొదలై మూత్రపిండాలు దెబ్బతినే వరకు వెళ్లవచ్చు. వైద్య పర్యవేక్షణ లేకుండా పెద్దలు రోజుకు 4,000 యూనిట్లు దాటకూడదు.

జవాబు 2: మా అమ్మగారు వారపు గుళికను పొరపాటున నెలకు పైగా రోజూ వేసుకుని, వాంతులతో ఆసుపత్రిలో చేరారు. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ భయమే. గుళిక వేసుకునే రోజును క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

జవాబు 3: కొంచెం కొవ్వు ఉన్న భోజనంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. మీరు మల్టీవిటమిన్ వాడుతుంటే అందులోని డి కూడా లెక్కలోకి వస్తుంది. డబ్బాపై మైక్రోగ్రాముల్లో ఉంటే, యూనిట్లలోకి మార్చడానికి 40తో గుణించండి. మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడిన చరిత్ర ఉంటే వైద్యులకు ముందే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. వారానికి ఒకటే వేసుకుంటాను.