ఆటలో నేర్చుకున్నది బయట పనికొచ్చిందా? ఒక రాత్రి సంగతి చెప్పండి

నీలిదీపం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. గత వారం ఆఫీసులో నన్ను ఆరుగురున్న బృందానికి నాయకురాలిగా పెట్టాలనుకుంటున్నట్టు చెప్పారు. మాటల మధ్యలో మా పైఅధికారి, "ఇంతకుముందు ఎప్పుడైనా మనుషులను నడిపించారా?" అని అడిగారు. "లేదండీ" అన్నాను.

ఇంటికి వచ్చాక ఆ "లేదు" నన్ను నిద్రపోనివ్వలేదు. నాలుగేళ్లు ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆటలో ఎనిమిది మంది రెయిడ్ జట్టును (పెద్ద శత్రువులను కలిసి ఓడించే జట్టును) నేను నడిపాను. శత్రువు దెబ్బలను తమ మీదికి తీసుకునే ఇద్దరు ట్యాంకులు, గాయాలు మాన్పే ఇద్దరు హీలర్లు, నలుగురు దాడి చేసేవాళ్లు. వారానికి మూడు రాత్రులు ఆడేవాళ్లం. ఒక్కరు రాకపోయినా ఆ రాత్రి వృథా అయ్యేది. ఎవరికి పరీక్షలున్నాయి, ఎవరికి రాత్రి డ్యూటీ పడింది, ఎవరి దేశంలో గడియారం గంట ముందుకు జరిపారు, ఇవన్నీ ఒక పట్టికలో రాసుకునేదాన్ని. ఇద్దరికి మాట పడకపోతే ఇద్దరితోనూ విడివిడిగా కూర్చుని మాట్లాడింది నేనే. అయినా "ఆటలో" అని మొదలుపెట్టాల్సి వచ్చేసరికి గొంతు పెగల్లేదు.

నాకు ఓదార్పు అక్కర్లేదు. సహనం నేర్పింది, కలిసి పనిచేయడం నేర్పింది అనే మాటలు ఆటలు ఆడనివాళ్లు కూడా చెప్పగలరు. మీకు నిజంగా జరిగిన ఒక రాత్రి చెప్పండి. దాని తర్వాత ఆట బయట ఒక పనినైనా వేరేగా చేశారా? చేయకపోతే అదీ చెప్పండి.

కాపలాదారు:

మీరు ఒక రాత్రి అడిగారు కాబట్టి చెబుతాను. ఇరవై ఏళ్లు కావస్తోంది, నేను మరిచిపోలేదు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట 2004 నవంబరులో వచ్చింది. నేను మరుసటి ఏడాది చేరాను. అప్పట్లో మోల్టెన్ కోర్ అనే నిప్పుల గుహలోకి నలభై మంది కలిసి వెళ్లేవాళ్లం. మా గిల్డ్‌లో, అంటే మా ఆటగాళ్ల సంఘంలో, నేను ట్యాంకును, రెయిడ్ నాయకుడిని కూడా. ఆ గుహలో బారన్ గెడాన్ అనే ఒక శత్రువు ఉంటాడు. వాడు నలభై మందిలో ఎవరో ఒకరిని ఎంచుకుని సజీవ బాంబుగా మారుస్తాడు. కొన్ని క్షణాల్లో ఆ మనిషి పేలిపోతాడు, చుట్టూ ఉన్నవాళ్లందరికీ దెబ్బ తగులుతుంది. అందుకని బాంబు పడ్డవాడు వెంటనే జట్టును వదిలి ఎవరూ లేని మూలకు పరుగెత్తాలి. ఇతరులు చేయగలిగింది పెద్దగా ఉండదు. తన మీద బాంబు ఉందని వాడికి తెలియాలి, ఎటు వెళ్లాలో కూడా ముందే తెలిసి ఉండాలి.

మా జట్టులోకి రెండు వారాల క్రితమే ఒక మాంత్రికుడు కొత్తగా వచ్చాడు. ఆ రాత్రి బాంబు అతని మీద పడింది. నేరుగా హీలర్ల మధ్యలోకి పరుగెత్తాడు. హీలర్లు పోయారు, ఆ వెంటనే నేను పోయాను, తర్వాత అందరూ పోయారు. మళ్లీ లేచి మొదలుపెట్టాం. కాసేపటికి బాంబు మళ్లీ అతనికే వచ్చింది. మళ్లీ హీలర్ల మధ్యలోకే వెళ్లాడు. అప్పుడు నేను వెంట్రిలోలో (ఆడుతూ నోటితో మాట్లాడుకునే ప్రోగ్రాములో), అందరూ వింటుండగా, అతని పేరు పెట్టి అరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయలేను. అతను ఒక్క మాట కూడా బదులివ్వకుండా జట్టులోంచి వెళ్లిపోయాడు. ఇంకొకరిని పిలిచాం, గెడాన్‌ను చంపాం, సంతోషంగా పడుకున్నాం.

ఎవరు వచ్చారు, ఎవరికి ఎన్ని పాయింట్లు అనే లెక్క నేనే రాసేవాడిని. దానికోసం ఆటలో టైపు చేసిన మాటలన్నీ ఒక ఫైలులో దాచుకునేవాడిని. రెండు రోజుల తర్వాత లెక్క రాయడానికి ఆ ఫైలు తెరిచాను. పోరాటానికి ముందు అతను రాసిన వాక్యాలు అందులో ఉన్నాయి: "ఈరోజు శబ్దం పెట్టుకోలేను, పక్కన పాప నిద్రపోతోంది. బాంబు వస్తే ఎటు వెళ్లాలో ఎవరైనా ఇక్కడ రాయగలరా?" కొంచెం కింద "ఎవరైనా?" అని ఇంకోసారి. దాని కిందనే నేను రాసిన వాక్యం ఉంది. ఆటలో బలానికి తాగే మందు సీసాలు అందరూ తెచ్చుకున్నారా అని.

నేను చెప్పాల్సినదంతా నోటితో చెప్పాను. అతనికి ఒక్క ముక్కా వినబడలేదు. దెబ్బ తగలబోతోందని తెలిసిన మనిషి హీలర్ల దగ్గరికి వెళ్లాడు. ఇంకెక్కడికి వెళతాడు?

క్షమాపణ కోరుతూ ఉత్తరం పంపాను. మరుసటి రెయిడ్‌లో అందరి ముందూ తప్పు నాదని చెప్పాను. అతను "ఫర్వాలేదు" అని రాశాడు కానీ తిరిగి రాలేదు, వేరే గిల్డ్‌లో చేరాడు. ఆ తర్వాత ప్రతి పోరాటానికి ముందు కొత్తవాళ్ల చేత ఎటు పరుగెత్తుతారో ఒక్క వాక్యం రాయించేవాడిని. బాంబు పడ్డవాళ్లు "నా మీద" అనాలి. పోరాటం ముగిసేదాకా వాళ్లను ఎవరూ ఏమీ అడగకూడదు. ఈ రెండే మా నియమాలు.

ఇప్పుడు నేను ఒక పెద్ద గిడ్డంగిలో రాత్రి షిఫ్టు చూస్తాను. సరుకును ఎత్తయిన ఇనుప ర్యాకుల్లో పేరుస్తాం, ఫోర్క్‌లిఫ్టులతో దించుతాం. ఫోర్క్‌లిఫ్టు తగిలి ర్యాకు కాలు కొంచెం వంగినా ఆ అర మోయగల బరువు తగ్గిపోతుంది. చూడటానికి మామూలుగానే నిలబడి ఉంటుంది. నేను చేరిన కొత్తలో తనిఖీ చేస్తుంటే ఖాళీ ప్యాలెట్ల దొంతర వెనక ఒక వంగిన కాలు కనబడింది. ఎవరో ఎప్పుడో గుద్ది, తిట్లకు భయపడి, ప్యాలెట్లు అడ్డం పెట్టి వెళ్లారు. ఎన్నాళ్ల నుంచి అలా ఉందో, ఎంతమంది దాని కింద నడిచారో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం నాకు గెడాన్ గుర్తుకొచ్చాడు.

అప్పటినుంచి కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే ఈ కథ చెబుతున్నాను. ఆటలు తెలియని పెద్దవాళ్లు కూడా శ్రద్ధగా వింటారు. కిందటేడు, చేరి మూడు వారాలైన ఒక కుర్రవాడు పరుగున వచ్చి, "సార్, బాంబు నా మీద ఉంది" అన్నాడు. మొహం పాలిపోయింది. వెనక్కి తీస్తూ ర్యాకు కాలును గుద్దాడు. ఆ సందులోకి ఎవరూ రాకుండా తాడు కట్టాం, పై అర నుంచి మొదలుపెట్టి సరుకంతా దించేశాం. తెల్లవారేసరికి ఖాళీ అయింది. ఎలా గుద్దావు అని నేను అడిగింది టీ తాగాకే.

ఇంకొకటి. చెవులకు రక్షణ పెట్టుకున్న మనిషికి నా మాట వినబడదు. అందుకని నోటితో చెప్పే ప్రతిదీ బోర్డు మీద కూడా రాస్తాను, రాసింది వాళ్ల చేత తిరిగి చెప్పిస్తాను. ఆట నుంచి నేను తెచ్చుకున్నది ఇంతే. ఆ పాయింట్ల లెక్క కూడా రెండేళ్లు రాశాను, అది బయట దేనికీ పనికిరాలేదు.

సరుకు ఓడ:

నాది ఈవ్ ఆన్‌లైన్, అంతరిక్ష ఓడల ఆట. 2014 జనవరి 27న బీ-ఆర్5ఆర్‌బీ అనే నక్షత్ర మండలంలో జరిగిన యుద్ధం గురించి ఆడేవాళ్లందరూ వినే ఉంటారు. సుమారు 21 గంటలు సాగింది. 75 టైటాన్లు ధ్వంసమయ్యాయి. టైటాన్ అంటే ఆ ఆటలో అన్నిటికంటే పెద్ద ఓడ. ఒక్కటి కట్టాలంటే ఎంతో మంది నెలల తరబడి ఖనిజం తవ్వి మోయాలి. అంతమంది ఒకేచోట చేరేసరికి ఆట తట్టుకోలేక కాలాన్నే పదో వంతు వేగానికి తగ్గించింది. తుపాకీ మీట నొక్కి, అది పేలేదాకా ఎదురుచూశాం.

నేను ఓడిపోయిన పక్షంలో సరుకు మోసేవాడిని. ఇదంతా ఎలా మొదలైందో చెబితే నా స్నేహితులు నమ్మరు. ఆ మండలం మీద హక్కు నిలుపుకోవడానికి ఎప్పటికప్పుడు ఒక రుసుము కట్టాలి. అది జమ కాలేదు. హక్కు పోయింది, తలుపు తెరుచుకుంది, అవతలి పక్షం వచ్చేసింది. సేనాపతులు, గూఢచారులు, వేల మంది సైనికులు ఉన్న కూటమి కట్టని ఒక బిల్లు దగ్గర కూలిపోయింది.

ఆ తర్వాత నేను చేసిన పని చిన్నదే. మా అమ్మానాన్నల బీమా, ఇంటి పన్ను, బ్యాంకు లాకరు అద్దె అన్నీ నేనొక్కడినే చూసేవాడిని. వాటి తేదీలన్నీ కాగితం మీద రాసి మా అక్కకు ఒక ప్రతి ఇచ్చాను. ఎవరు కట్టినా రెండోవాళ్లకు "కట్టాను" అని సందేశం పెట్టాలి. సందేశం రాకపోతే కట్టనట్టే లెక్క. తర్వాతి ఏడు నేను ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాను. ఆ పదకొండు రోజుల్లోనే నాన్న ఆరోగ్య బీమా గడువు ఉంది. అక్క కట్టింది.

ఆఖరి రౌండు:

నేను వేరే మాట చెప్పడానికి వచ్చాను. కోపం తెచ్చుకోకండి.

ఆరేళ్లు కౌంటర్ స్ట్రైక్ ఆడాను, ఐదుగురేసి ఉన్న రెండు జట్లు తుపాకులతో తలపడే ఆట. అందులో మంచి లేదనను. ఓడిన జట్టులో ఒక్కొక్కరికి రౌండుకు 1,400 ఆట డాలర్లు వస్తాయి, వరుసగా ఓడుతుంటే 3,400 దాకా పెరుగుతాయి. మంచి స్నైపర్ తుపాకీ 4,750. అందుకని ఒక రౌండులో ఎవరూ ఏమీ కొనకుండా, ఓడిపోతామని తెలిసే ఆడతారు. తర్వాతి రౌండులో ఐదుగురూ ఒకేసారి కొంటారు. ఒక్కడు మాట తప్పి ముందే కొన్నా పథకం చెడిపోతుంది. ఇవాళ నేనూ నా భార్యా ఇల్లు కొనడానికి డబ్బు కూడబెడుతున్న పద్ధతికి మూలం అక్కడే ఉంది.

కానీ ఆ ఆటను మధ్యలో మనకు కావాల్సినప్పుడు ఆపలేం. ఒక రాత్రి స్కోరు 14-14. చెవులకు హెడ్‌ఫోన్లు. ఫోను మూడుసార్లు వెలిగింది, బోర్లా పెట్టేశాను. నాన్న తాళంచెవి మరిచిపోయి వానలో తలుపు బయట నలభై నిమిషాలు నిలబడ్డారు. తలుపు తీసినప్పుడు ఏమీ అనలేదు. తడి చొక్కా మార్చుకుని పడుకున్నారు. ఆయన ఒక్క మాటైనా తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మ్యాచ్ మధ్యలో వదిలేసి వెళితే మొదట అరగంట నిషేధం పడుతుంది. మళ్లీ మళ్లీ చేస్తే ఏడు రోజుల దాకా వెళుతుంది. నేను ఆ అరగంటకు భయపడ్డాను. నాన్నను నిలబెట్టినందుకు ఆట నాకేమీ చేయలేదు, పైగా ఆ మ్యాచ్ గెలిపించింది. ఆట దేనికి శిక్ష వేస్తుందో దాన్నే నేర్పుతుందని నా నమ్మకం. కాపలాదారు గారూ, మీ విషయంలో కూడా ఆట ఏం నేర్పింది? అతన్ని పంపేశాక మీరు గెలిచారు కదా. ఆ ఫైలు తెరిచి, చదివి, సిగ్గుపడింది మీరు.

కాపలాదారు:

మీరన్నది నిజం. ఆ రాత్రి గెలుపు నాకు తప్పుడు పాఠమే చెప్పింది. రెండు రోజులు దాన్ని నమ్మాను కూడా. లెక్కలు రాసే పని నాది కాకపోయి ఉంటే ఆ వాక్యాలు ఎప్పటికీ చూసేవాడిని కాదు. మీ నాన్నగారి సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

నీలిదీపం:

మీ ముగ్గురి మాటలూ రెండు రోజులుగా మళ్లీ మళ్లీ చదువుతున్నాను. మీ దగ్గర ఒక రాత్రి అడిగాను కానీ, నా రాత్రి ఏదో నేను చెప్పలేదు.

మా ఎనిమిది మందిలో ఒక హీలర్ నాకు మంచి స్నేహితురాలు. ఆమెకు ఉద్యోగం మారింది, వరుసగా నాలుగు వారాలు సరిగా రాలేకపోయింది. మిగతావాళ్లు విసిగిపోయారు. నేను ఇంకో హీలర్‌ను వెతికి పట్టుకుని, పట్టికలో ఆమె పేరు తీసేసి కొత్త పేరు రాశాను. రాత్రి ఫోను చేసి చెబుదామనుకున్నాను. ఆమె అంతకుముందే పట్టిక తెరిచి చూసింది. మార్చాల్సిన అవసరం ఉంది, ఆ నిర్ణయం ఇప్పటికీ సరైనదే అంటాను. కానీ ఆమెకు ఆ సంగతి ఒక పట్టిక చెప్పింది, నేను చెప్పలేదు. మేము మళ్లీ కలిసి ఆడలేదు.

ఆఫీసులో ఆ ఆరుగురిలో ఒకరు, నా పక్క కుర్చీలో కూర్చునేవారు, ఇదే పదవి కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నారు. నాకంటే మూడేళ్లు సీనియర్. సోమవారం ఉదయం అందరికీ ఒకేసారి మెయిలు పంపి ప్రకటించాలని మా పైఅధికారి ఆలోచన.

ఈరోజు ఆయన గదికి వెళ్లి, ఆ రోజు లేదని తప్పు చెప్పాను, నాలుగేళ్లు ఎనిమిది మందిని నడిపాను, అది ఆటలో అని చెప్పాను. ఆయన నవ్వలేదు. "అందులో మీకు చేతకానిది ఏమిటి?" అని అడిగారు. పట్టిక సంగతి చెప్పాను. చెప్పి, మెయిలు వెళ్లకముందు ఆ సీనియర్‌తో నేను మాట్లాడాలి, అవకాశం ఇవ్వండి అని అడిగాను. ప్రకటన మంగళవారానికి జరిపారు.

సోమవారం ఉదయం పది గంటలకు ఆ సీనియర్‌ను మాట్లాడదాం రమ్మన్నాను. ఏం చెప్పాలో ఇంకా పూర్తిగా కుదరలేదు, మొదటి వాక్యం మాత్రం రాసుకున్నాను.