అప్‌డేట్: ఆగుంబె వెళ్లొచ్చాం

పదో తరగతి చదివే మా అబ్బాయిని వానల్లో కర్ణాటకలోని ఆగుంబె అడవికి, నాలుగు రోజుల గైడెడ్ ట్రిప్‌కి తీసుకెళ్లవచ్చా, జలగలంటే టెన్షన్‌గా ఉందని అడిగాను కదా. వెళ్లాం, నిన్ననే కావలి చేరాం.

మోకాళ్లదాకా వచ్చే జలగ సాక్సులు కొనమన్నవాళ్లకు దణ్ణం. అయినా ఒకటి మావాడి మెడకు పట్టింది. గైడ్ లాగకుండా గోరుతో మెల్లగా నెట్టేశాడు. నొప్పి లేదు గానీ రక్తం చాలాసేపు కారింది. జలగ లాలాజలం రక్తాన్ని గడ్డకట్టనివ్వదట.

ఆగుంబెకి పేరు తెచ్చిన రాచనాగు మాత్రం కనిపించలేదు. కానీ రెండో రాత్రి టార్చి వెలుగులో మలబార్ గ్లైడింగ్ కప్ప! పచ్చటి ఒళ్లు, వేళ్ల మధ్య ఎర్రటి పొర. నీటిగుంట మీదికి వంగిన కొమ్మకు దాని నురగ గూడు. పిల్లలు అందులోంచి నేరుగా నీళ్లలోకి జారతాయి. ఆ వానలో మావాడు అరగంట కదల్లేదు.