యాప్‌లో పూర్తయిన నా ప్రేమ నవలకు ఇక ప్రచురణకర్త అవసరమా?

హన్మకొండ రచయిత్రి:

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతూ, రాత్రిళ్లు ప్రతిలిపి అనే కథల యాప్‌లో ప్రేమ నవలలు ధారావాహికలుగా రాస్తుంటాను. కాజీపేట లోకోషెడ్డులో పనిచేసే అబ్బాయికీ, మంచిర్యాల నుంచి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయికీ మధ్య నడిచే నా మూడో నవల పోయిన నెల 112వ భాగంతో ముగిసింది. ఏ భాగానికి పాఠకులు తగ్గారో, ఎవరు ఏ మాట దగ్గర కంటతడి పెట్టుకున్నారో యాప్‌లోనే తెలిసిపోతుంది కనుక, కథ బాగుందో లేదో చెప్పడానికి మధ్యలో మరొకరు ఉండాలన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు.

ఇప్పుడు హైదరాబాదులోని ఒక ప్రచురణ సంస్థ ఈ నవలను పుస్తకంగా వేస్తామంటూ ఒప్పంద పత్రం పంపింది. అచ్చు పుస్తకం ముఖవిలువ మీద 10 శాతం రాయల్టీ ఇస్తారట. అందుకు బదులుగా అచ్చు, ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ హక్కులన్నీ కాపీరైటు ఉన్నంతకాలం వారికే చెందాలి, నవలను యాప్ నుంచి తొలగించాలి, మొదటి ముద్రణలో 100 ప్రతులు నేనే కొనుక్కోవాలి. పత్రం నాలుగు పేజీలుంది. అందులో వారు చేయవలసిన పనుల గురించి ఉన్నవి ఆరు వరుసలే.

మా అమ్మ వారపత్రికల్లోని సీరియల్ పేజీలు విప్పి, వరుసగా పేర్చి, బైండింగ్ చేయించి దాచుకున్న తరం మనిషి. పుస్తకంగా రానిది నవలే కాదంటుంది. ఆ మాట నాకూ లోపల ఎక్కడో తగులుతూనే ఉంది. కానీ పాఠకులను నేనే వెతుక్కుని, నేనే నిలబెట్టుకున్న తరువాత, ప్రేమ నవలలు రాసేవారికి ప్రచురణకర్త చేసిపెట్టే పని ఏమి మిగిలిందో, ఆ పనికి ఎంతవరకు ఇవ్వవచ్చో అనుభవమున్నవారు చెప్పగలరు.

నర్సంపేట పాఠకురాలు:

మేడమ్, నేను రచయిత్రిని కాను. ఇరవై ఏళ్లుగా ఇంగ్లిష్ ప్రేమ నవలలు చదువుతూ, ఆ రంగపు వార్తలను కూడా వదలకుండా గమనిస్తున్నాను. మీ పత్రంలో హక్కుల జాబితా చూడగానే హార్లెక్విన్ వ్యవహారం గుర్తుకొచ్చింది. 1949లో కెనడాలో మొదలై, 1971లో బ్రిటన్‌లోని మిల్స్ అండ్ బూన్‌ను కొనేసి, ప్రేమ నవలలంటే ముందుగా గుర్తొచ్చే పేరుగా ఎదిగిన సంస్థ అది. 2012లో కొందరు రచయితలు న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టులో దానిపై దావా వేశారు. వారి ఒప్పందాలు 1990 నుంచి 2004 మధ్య, అంటే ఈబుక్కును ఎవరూ పెద్దగా లెక్కచేయని రోజుల్లో కుదిరినవి. ఈబుక్ ఆదాయంలో సగం రచయితకని ఒప్పందంలో ఉన్నా, సంస్థ తన సొంత శాఖకే తక్కువ మొత్తానికి హక్కులిచ్చినట్టు లెక్క చూపి, ఆ తక్కువ మొత్తంలో సగం పంచినందువల్ల తమ చేతికి ముఖవిలువలో 3, 4 శాతమే వస్తోందన్నది వారి ఆరోపణ. 2016లో 41 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. కాబట్టి మీ పత్రంలో ఎక్కడైనా శాతం కనిపిస్తే, అది దేని మీద శాతమో, ఆ లెక్క ఎవరు రాస్తారో ముందు అడగండి.

అలాగని డిజిటల్‌లోనే పుట్టిన సంస్థలను కళ్లు మూసుకుని నమ్మడానికీ లేదు. పెద్ద సంస్థలు ముట్టుకోని ప్రేమకథలను ఈబుక్కులుగా వేస్తూ 2000లో అమెరికాలో మొదలైన ఎల్లోరాస్ కేవ్, ఆ రంగానికి దారి చూపించిన సంస్థల్లో ఒకటి అయినప్పటికీ, 2016 చివర్లో మూతపడింది. అదే డిసెంబరు 28న, ఆల్ రొమాన్స్ అనే ఈబుక్ దుకాణం మూడు రోజుల్లో మూసేస్తున్నామని కబురు పెట్టి, చివరి త్రైమాసికపు బకాయిల్లో డాలరుకు పది సెంట్లు తీసుకుని సరిపెట్టుకోమని రచయితలను కోరింది. మీ పాఠకుల సంగతి కూడా ఒకసారి ఆలోచించండి: వారందరూ యాప్ ఖాతాల్లో ఉన్నారు, మీ దగ్గర వారిలో ఒక్కరి చిరునామా అయినా ఉందా?

ఇంకొక మాట. అమెరికాలో ప్రేమ నవలలు రాసేవారు పెద్ద సంఖ్యలో అమెజాన్ ఈబుక్ వేదిక అయిన కిండిల్ ద్వారా తమకు తామే ప్రచురణకర్తలయ్యారు. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి గానీ తెలుగు లేదు. మన రచయిత్రులు పుస్తకాల దుకాణం వైపు కాకుండా సీరియల్ యాప్‌ల వైపు మళ్లడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం. అక్కడివారు ప్రచురణకర్తను వదులుకున్నారు. మనవారిలో చాలామందికి అసలు ప్రచురణకర్తే తారసపడలేదు. ఈ రెండూ ఒకటి కావు.

చౌరస్తా ప్రూఫ్‌రీడర్:

అమ్మా, సీసపు అక్షరాలు పేర్చిన రోజుల నుంచి కంప్యూటరులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ దాకా నలభై ఏళ్లు హన్మకొండ, వరంగల్ ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దినవాణ్ని. మీ ప్రశ్న చూసి, మా మనవరాలి చేత మీ నవలలో మొదటి ఇరవై భాగాలు చదివించుకున్నాను. హాయిగా ఉంది. కానీ తొమ్మిదో భాగంలో అమ్మాయి కాజీపేటలో మంచిర్యాల బండి ఎక్కి, అబ్బాయిని తలుచుకుంటూ కిటికీలోంచి ఘన్‌పూర్ స్టేషనును చూస్తుంది. ఘన్‌పూర్ సికింద్రాబాదు వైపున ఉన్నది. మంచిర్యాల బండి జమ్మికుంట, పెద్దపల్లి మీదుగా పోతుంది. అంతమంది వ్యాఖ్యలు పెట్టారు, ఒక్కరూ ఆ సంగతి ఎత్తలేదు. వారి ధ్యాసంతా అబ్బాయి ఫోను చేస్తాడా లేదా అన్న దాని మీదే ఉంది, ఉండవలసింది కూడా అక్కడే. రైలు ఏ దారిన పోతుందో చూడవలసినవాడు ఎడిటరు. మంచి ప్రచురణ సంస్థ అంటే నాకు తెలిసినంతలో అలాంటి ఎడిటరుకు జీతమిచ్చే సంస్థ.

సీరియల్‌ను పుస్తకం చేయడం కూడా ఒక పనే. రోజుకొక భాగం చదివేవారి కోసం మొదట్లో నిన్నటి కథ గుర్తుచేయాలి, చివర్లో తలుపు చప్పుడో, ఫోను మోతో వినిపించాలి. అదే కథను ఒక్క కుట్టులో 112 భాగాలుగా చదివితే 112 సార్లు తలుపు చప్పుడవుతుంది. ఎక్కడ కోయాలో, ఏ రెండు భాగాలను కలపాలో చెప్పేవారు లేకుండా, యాప్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టే అచ్చుకు పంపితే, మీ అమ్మగారు బైండు చేయించుకున్న పేజీలకూ దానికీ తేడా ఉండదు.

అయితే దిద్దడం పేరుతో చెడగొట్టేవారూ ఉంటారు. అమ్మాయి తల్లి "గట్లెట్ల పోతవ్ బిడ్డా" అన్న చోట నాకు కళ్లు చెమర్చాయి. దాన్ని "అలా ఎలా వెళ్తావమ్మా" అని మార్చే ఎడిటర్లను నేను ఎంతోమందిని చూశాను. సంభాషణల్లోని యాసను మీ అనుమతి లేకుండా మార్చరాదని ఒప్పందంలోనే రాయించుకోండి.

ఇక అక్షరాల గొడవ. మన ప్రెస్సుల్లో ఇప్పటికీ చాలా పుస్తకాలు అను అనే పాత తరహా ఫాంట్లలోనే తయారవుతాయి. ఈబుక్కు కావాలంటే వాటిని ఫోన్లూ, కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చిన తరువాత మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మళ్లీ చదవాలి. నా చేతికి వచ్చిన ఒక ప్రేమ నవలలో "మ" అంతా "వు"గా మారిపోయి, మొదటి పేజీ నుంచి చివరిదాకా "ప్రేవు" (అంటే పేగు) అనే ఉన్నది. నాయకుడు నాయికతో "నిన్ను ప్రేవిుస్తున్నాను" అంటుంటే పేగుల వైద్యుడేమో అనిపించింది. మీది మొదటి నుంచీ యూనికోడ్‌లో ఉన్న రచన కాబట్టి, ఈబుక్ తయారీ ఖర్చు పెద్దదని వారు చెబితే నమ్మవద్దు. పుస్తకానికి అను ఫాంటు వాడేది వారి సౌకర్యం కోసమే.

హన్మకొండ కోర్టు న్యాయవాది:

చట్టం మాట వరకే చెబుతాను. కాపీరైటు ఉన్నంతకాలం అంటే మీ జీవితకాలమూ, ఆ తరువాత 60 ఏళ్లూ. 1957 నాటి కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ అన్నవి అందులో కనిపించాలి. కాలం రాయకపోతే అయిదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని భావిస్తారు. అంటే ఒప్పందం మౌనంగా ఉన్న చోట చట్టం రచయితకు ఇచ్చే రక్షణను, మీరు సంతకం పెట్టబోయే పత్రం తీసేస్తున్నది.

మరొక ఉపసెక్షన్ ప్రకారం, హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దానిని వినియోగించకపోతే, ఒప్పందంలో వేరే విధంగా రాసి ఉంటే తప్ప, ఆ హక్కు తిరిగి మీకే వస్తుంది. మీ నాలుగు పేజీల్లో ఎక్కడో ఆ నియమం తమకు వర్తించదనే వాక్యం ఉంటుంది, వెతకండి. దానిని కొట్టేయించగలిగితే, వారు ఆడియో హక్కు తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేసుకోవడం కుదరదు. ఒప్పందం కుదిరిన నాటికి లేని, లేదా వ్యాపార వాడుకలో లేని మాధ్యమానికి, దానిని ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప బదలాయింపు వర్తించదని 2012 సవరణ చెబుతున్నది. ఇక ముందు పుట్టబోయే మాధ్యమాలు కూడా అని ఉంటే దాని మీద నాకు అనుమానమే. వీలైతే బదలాయింపు బదులు, హక్కు మీ దగ్గరే ఉంచుకుని, తెలుగు అచ్చు పుస్తకానికి మాత్రమే అయిదేళ్ల లైసెన్సు, అంటే వాడుకునే అనుమతి, ఇవ్వండి. యాప్‌తో మీరు ఏదైనా ప్రత్యేక ఒప్పందం చేసుకుని ఉంటే, దానిని చదవకుండా దీని మీద సంతకం పెట్టవద్దు.

కరీంనగర్ ప్రచురణకర్త:

మేడమ్, ఎదుటి పక్షం మాట కూడా వినండి. నేను చిన్న ప్రచురణకర్తను. ఏడాదికి ఆరేడు పుస్తకాలు వేస్తాను. ఒకప్పుడు నవల అంటే వెయ్యి ప్రతులు కొట్టించేవాణ్ని, ఇప్పుడు డిజిటల్ ప్రింటింగులో 300 వేసి, అయిపోతే మళ్లీ వేస్తున్నాను. పుస్తకం 200 రూపాయలైతే అందులో 80 నుంచి 100 రూపాయలు అమ్మేవారికే పోతాయి. మిగిలిన దానిలో కాగితం, అచ్చు, ముఖచిత్రం, ఎడిటరు, పార్శిలు, మీ 20 రూపాయలు పోగా నాకు మిగిలేది చెబితే మీరు నవ్వుతారు. అమ్మకాల లెక్క తేలడానికి డిసెంబరులో హైదరాబాదు బుక్ ఫెయిర్ దాకా ఆగవలసి వస్తుంది. అందుకే సినిమా హక్కో, ఆడియో హక్కో ఎప్పుడైనా కలిసిరాకపోతుందా అని ప్రచురణకర్త ఆశపడతాడు. నా ఒప్పందంలోనూ చాలాకాలం ఆ మాటలే ఉండేవి. నిజం చెప్పాలంటే వాటిని నేను ఆలోచించి రాయలేదు, మరొకరి పత్రం చూసి దించుకున్నాను. ఒక రచయిత్రి "ఆడియో మీరు ఎక్కడ చేయిస్తారు, ఎవరు చదువుతారు?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి నేను చేయగలిగినదే రాయించుకుంటున్నాను.

అయితే చేయగలిగినది చిన్నదేమీ కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థలకూ, గ్రంథాలయాల కోసం పుస్తకాలు కొనే రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ కొనుగోళ్లకూ దరఖాస్తు పెట్టుకుని తిరగాలి, పురస్కారాలకు ప్రతులు పంపాలి, సమీక్షకులకు గుర్తుచేస్తూ ఉండాలి. ప్రేమ నవల అనగానే మొహం చిట్లించే పత్రికా సంపాదకుడి చేతిలో మర్యాదైన ముఖచిత్రంతో పుస్తకం పెట్టి, ముందు పది పేజీలు చదవమని అడగడం రచయిత్రి తానుగా చేయలేని పని. పుస్తకపు గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌కు మాత్రం ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి, మన దేశంలో దానిని ఉచితంగానే ఇస్తారు, రచయిత స్వయంగా కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

మీరే 100 ప్రతులు కొనాలన్న షరతు నాకు నచ్చలేదు. ముద్రణ ఖర్చు మీ దగ్గరే రాబట్టుకుంటే, ఆ తరువాత పుస్తకం అమ్మవలసిన అవసరం వారికి ఏముంటుంది? యాప్ నుంచి తొలగించమనడం కూడా పాత భయమే. పుస్తకాల స్టాళ్లలో నేను చూసినంతలో, యాప్‌లో ఒకసారి చదివినవారే దాచుకోవడానికో, అక్కకో చెల్లెలికో ఇవ్వడానికో కొంటున్నారు. చివరి పదిహేను భాగాలు ఆరు నెలలపాటు ఆపితే చాలని బేరమాడండి.

హన్మకొండ రచయిత్రి:

అందరికీ కృతజ్ఞతలు. లాయరు గారు చెప్పిన వాక్యం మూడో పేజీ అడుగున దొరికింది. తెలుగు అచ్చు హక్కు మాత్రమే, అయిదేళ్లు, ప్రతులు కొనే షరతు లేకుండా, యాస మార్చకూడదన్న నియమంతో సవరణలు రాసి పంపాను. మిగతావాటికి ఒప్పుకుంటామనీ, ఆడియో మాత్రం వదలలేమనీ వారు ఫోనులో అన్నారు. ఆడియో ఎవరితో చేయిస్తారని అడిగితే, కనుక్కుని సోమవారం చెబుతామన్నారు. వాళ్ల ఎడిటరుతో ఒకసారి మాట్లాడించమని కూడా అడిగాను. దానికి ఇంకా జవాబు రాలేదు, నా నిర్ణయం చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంది.

పెద్దయ్యగారూ, తొమ్మిదో భాగంలో ఘన్‌పూర్ తీసేసి జమ్మికుంట పెట్టాను. తెల్లారేసరికి జమ్మికుంట పాఠకురాలు ఒకరు "మా ఊరు వచ్చింది, కానీ మా స్టేషన్‌లో బండి రెండు నిమిషాలు కూడా ఆగదు, అంతసేపు ఎట్ల ఏడ్చింది?" అని వ్యాఖ్య పెట్టారు. కరీంనగర్ సార్, మీ ఒప్పంద పత్రం నమూనా పంపగలిగితే, సోమవారంలోగా రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాను.