దాబాలు, బార్లలో లైవ్ పాటకు ఇన్ని ఆంక్షలు అవసరమా?

క్లాక్‌టవర్ వాసి (నల్గొండ):
ఫ్యామిలీ రెస్టారెంట్ అయినా, బార్ అయినా, హైవే మీది దాబా అయినా, ఓ మూల ఇద్దరు కూర్చుని పల్లెపాట పాడితే వినాలని ఉంటుంది. పాడేవాళ్లున్నారు, వినేవాళ్లున్నారు, అడ్డం పడుతున్నది పర్మిషనే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం మైకు పెట్టాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మూసిన హాలు లోపల తప్ప ఏ వాయిద్యమూ మోగకూడదు. అంటే ఆరుబయట మైకు లేని డప్పు, ఢోలక్ కూడా నిషేధమే. పదింటికి ఆపమంటే ఒప్పుకుంటాను. కానీ సాయంత్రం ఏడింటికి చిన్న స్పీకర్‌తో పాడే ఇద్దరికీ, లారీ మీద బాక్సులు పేర్చిన డీజేకీ ఒకే రూల్ ఏమిటి?

మిర్యాలగూడ అన్న:
తమ్ముడూ, మా ఇంటి వెనకే బార్ ఉంది. ఎనిమిదింటికి మొదలైన మోత పదకొండున్నర దాటినా ఆగదు. అమ్మకు బీపీ, బిడ్డకు ఇంటర్ పరీక్షలు. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదట. కొలిచేదెవరు? ఫోన్ చేస్తే కానిస్టేబుల్ వస్తాడు, సౌండ్ తగ్గిస్తారు, ఆయన బండి మలుపు తిరగగానే మళ్లీ పెంచుతారు. ఉన్న రూలే అమలు కావట్లేదు, ఇంకా సడలిస్తే మా గతేంది?

పాలమూరు గాయకుడు:
అన్నా, మీ బాధ నిజం. కానీ మీ ఇంటెనక మోగేది మనిషి పాటా, పెన్‌డ్రైవ్ పాటా? మాకు పెళ్లిళ్లే ఆధారం. ఆషాఢంలో, మూఢంలో ముహూర్తాలుండవు, ప్రోగ్రాములూ ఉండవు. ఢోలక్ వాయించే మా జోడీ ఆ రోజుల్లో మేస్త్రీ పనికి పోతాడు. దాబాలో సాయంత్రం రెండు గంటలు పాడనిస్తే మాకు అదే జీతం. ఓనర్లనడిగితే పోలీసులతో టెన్షన్ మాకొద్దు అంటారు, టీవీ పెట్టుకుంటారు.

దేవరకొండ టీచరమ్మ:
తాగినవాళ్ల ముందు పాడే ఆడపిల్లకు రక్షణ ఎవరిస్తారు? ముందు అది చెప్పండి. నా మటుకు దాబాలు, ఫ్యామిలీ రెస్టారెంట్లు సరే, బార్లు వద్దు.

క్లాక్‌టవర్ వాసి:
మేడమ్ మాట న్యాయమే, దాబాలతోనే మొదలుపెడదాం. మిర్యాలగూడ అన్నకు ఒక ఉదాహరణ చెబుతాను. ఇంగ్లండ్‌లో పబ్బుల్లో ఇద్దరి దాకా విడిగా లైసెన్స్ లేకుండా పాడే వీలుండేది. 2003 చట్టం 2005లో అమల్లోకి వచ్చి ఆ వీలు తీసేసింది. సంగీతకారులు ఊరుకోలేదు, ఏళ్ల తరబడి పోరాడారు. 2012లో లైవ్ మ్యూజిక్ చట్టం వచ్చింది. మద్యం లైసెన్స్ ఉన్న చోట, 200 మంది లోపు శ్రోతలుంటే, ఉదయం 8 నుంచి రాత్రి 11 దాకా మైకుతో పాడినా సంగీతానికి వేరే లైసెన్స్ అక్కర్లేదు. 2015లో ఆ 200ను 500 చేశారు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తే అక్కడి కౌన్సిల్ విచారించి ఆ ఒక్క పబ్బుకు మళ్లీ షరతులు పెట్టగలదు. తప్పు చేసినవాడికే శిక్ష, పాడే అందరికీ కాదు. మనకూ అదే కావాలి. ప్రైవేటు స్థలం హద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంత పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదని మన రూల్స్‌లో ఇప్పటికే ఉంది. మీటర్ పెట్టి అక్కడ కొలవమని దరఖాస్తు పెడదాం.

మిర్యాలగూడ అన్న:
మనిషి పాడితే, పదింటికి ఆపితే నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ మీటర్ ఫిర్యాదు చేసిన రోజే రావాలి, వారం తర్వాత కాదు. అది రాసిస్తే నీ దరఖాస్తు మీద నేనూ సంతకం పెడతా.