జర్మనీ మిత్ర సంఘం నుంచి 12 మంది మా చేనేత ఊరికి వస్తున్నారు: వీసా, బస, పని, డబ్బు ఎట్ల సర్దాలె?

గుంటమగ్గం:
నమస్తే అందరికీ. మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో చేనేత ఊరు. మా సంఘానికి, జర్మనీలో ఒక చిన్న పట్టణంలోని మిత్ర సంఘానికి ఏడాదిగా మాటలు నడుస్తున్నయి. వాళ్ళు 12 మంది బతుకమ్మకు వచ్చి మూడు వారాలు ఉంటమంటున్నరు. మా ఇండ్లల్లనే ఇద్దరిద్దరిని పెడదామనుకుంటున్నం. బడికి ఒక గది కట్టిస్తమని, దానికోసం 4,000 యూరోలు వెంట తెస్తమని కూడా అన్నరు. మగ్గం నేర్చుకోవాలని వాళ్ళ కోరిక. వచ్చే ఎండాకాలం మా నేతగాళ్ళు నలుగురిని అక్కడికి పిలుస్తరట. నా అడుగుడేందంటే: వాళ్ళకు ఏ వీసా? ఇంట్ల పెట్టుకుంటే పోలీసులకు చెప్పాల్నా? ఆ డబ్బు తీసుకోవచ్చునా? మూడు వారాలు వాళ్ళతోని ఏం పని చేయించాలె?

కాగితాల_కాపు:
అన్నా, డబ్బు సంగతి ముందు. మీ సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకపోతే ఆ 4,000 యూరోలు ముట్టకండి. నగదైనా, బ్యాంకులో వేసినా, 'ఊరి పెద్ద' పేరు మీద ఇచ్చినా లెక్క ఒక్కటే. 2020 సవరణ తర్వాత రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు కూడా విదేశీ విరాళాన్ని ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే తీసుకోవాలి. ఒక సంఘం తీసుకుని ఇంకో సంఘానికి మళ్ళించడమూ అప్పటి నుంచి బంద్. అందుకే 'పక్క మండలం సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ ఉంది, వాళ్ళ ద్వారా తెప్పిద్దాం' అనే సలహా ఎవరైనా ఇస్తే వినొద్దు. వెళ్ళేటప్పుడు బడికి వదిలిపోయే ల్యాప్‌టాప్‌లు, కెమెరాలు కూడా ఇందులోకే వస్తాయి. ఒక మనిషికి సొంత వాడకానికి ఇచ్చే కానుక వేరు, దానికి లక్ష రూపాయల విలువ దాకా మినహాయింపు ఉంది. బడికిచ్చేది సొంత వాడకం కాదు కదా.

దారి లేదా అంటే ఉంది. వాళ్ళు మీ దగ్గర చీరలు, స్కార్ఫులు బిల్లు మీద కొనుక్కుంటే అది వ్యాపారం, విరాళం కాదు. తిండికీ బసకీ కట్టేది కూడా మామూలు ధర వేసి, రసీదు ఇచ్చి తీసుకోండి. 'మిగిలింది ఊరికి ఉంచుకోండి' అన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఒకసారి మీ సీఏకి చూపించి, ముందే రాసిపెట్టుకోండి.

వీసా: మూడు వారాలే కాబట్టి ఈ-టూరిస్ట్ వీసా సరిపోతుంది. జీతం, ప్రతిఫలం ఏదీ లేని స్వచ్ఛంద పనిని గరిష్ఠంగా ఒక నెల వరకు అది ఒప్పుకుంటుంది. సర్టిఫికెట్ ఇవ్వని చిన్నపాటి కళల శిక్షణకూ చెల్లుతుంది, అంటే మగ్గం నేర్పి 'కోర్సు పూర్తి' అని ముద్ర కొట్టిన పత్రం ఇవ్వకండి. ఎవరైనా మూడు నెలలు, ఆరు నెలలు ఉండి పని చేస్తామంటే అప్పుడు సంస్థ పేరు, పని చేసే చోటు రాసిన ఎంప్లాయ్‌మెంట్ వీసా కావాలి. టూరిస్ట్ వీసా మీద వచ్చి ఇక్కడ మార్చుకుందాం అనుకుంటే కుదరదు. దరఖాస్తు కనీసం నాలుగు రోజుల ముందన్నా పెట్టాలి. శంషాబాద్‌లో ఈ-వీసా మీద దిగొచ్చు.

పోలీసుల సంగతి: విదేశీయులను ఇంట్లో పెట్టుకున్న ప్రతి ఇంటివాళ్ళూ 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ఫారం-సి (విదేశీ అతిథి బస వివరాల పత్రం) వేయాలి. హోటళ్ళకే అనుకుంటారు చాలామంది, అది పొరపాటు. ఆరు ఇళ్ళంటే ఆరు లాగిన్‌లు. ఒక్క లాగిన్‌తో పన్నెండు మందినీ ఒకే చిరునామాలో చూపిస్తే రేపు లెక్క తేలదు. లాగిన్‌కు అనుమతి రావడానికే కొన్ని రోజులు పడుతుంది కాబట్టి అతిథులు విమానం ఎక్కిన రోజున మొదలుపెడితే ఆలస్యమే. పాస్‌పోర్టు, వీసా పేజీ, ఇమిగ్రేషన్ ముద్ర మూడింటి ఫోటోలు వాళ్ళు దిగగానే వాట్సాప్‌లో తెప్పించుకోండి. 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్ చట్టం అమల్లోకి వచ్చింది, వెబ్‌సైట్‌లో ఫారం పేరు వేరేగా కనిపిస్తే బెదిరిపోవద్దు, పని అదే. ఎస్‌హెచ్‌ఓకు (పోలీస్ స్టేషన్ అధికారికి) ఒక కాగితం రాసిచ్చి రసీదు తీసుకోవడం చట్టం అడిగేది కాకపోయినా మేలు.

పడుగు_పేక:
తమ్మీ, గది కట్టుడు ఆపెయ్యి. సిమెంటు పని రానివాళ్ళు పొద్దంత ఇటుకలు పేరిస్తే సాయంత్రం మేస్త్రి గుండుదారం ఏలాడదీసి సూసి, ఇప్పి మళ్ళ కడ్తడు. ఊళ్ళె కూలోళ్ళ పని పోతది, సర్కారు బడి జాగల కట్టాల్నంటే విద్యాశాఖ అనుమతి వేరే. బిహార్‌ల 1934 భూకంపం తర్వాత స్విట్జర్లాండ్ నుంచి పియెర్ సెరెసోల్ అనే ఆయన కొద్దిమందిని ఎంటేసుకొని ఊర్లు కట్టిచ్చెటందుకు వచ్చిండు. ఆయన మూడు వారాలకు రాలే, నెలల తరబడి ఉండిండు. ఆ లెక్క వేరు.

మగ్గం కాడ ఏం జర్గుతదో చెప్త. పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) మీద ఒక్క చీర ఉండది, వరసగ చానా చీరలుంటయి. కొత్త మనిషి పావు (కాలితో తొక్కే చెక్క) తప్పు తొక్కి నాడె (అడ్డపోగు తీస్కపోయేది) విసిరితే అది పడుగు నడుమ ఇరుక్కుంటది, పట్టు పోగులు పటపట తెగుతయి. ఒక్కొక్క పోగు అతికేసరికి ఆ పూట పోయినట్టే. ఇక్కత్‌ల (నేసే ముందే పోగులకు డిజైన్ రంగులు వేసేదాంట్ల) ఇంకో బాధ: అతికిన కాడ రంగు వరస ఇంత జరిగినా డిజైన్ విరుగుతది. అందుకే ఆర్డర్ మీదున్న మగ్గం ముట్టనియ్యొద్దు. ఒక పాత మగ్గానికి నూలు పడుగు, సాదాది, ఎక్కిచ్చి పెట్టు, తెగినా పెద్ద నష్టం ఉండది. నూలు, రంగు, నేర్పేటోళ్ళ కూలి కలిపి శిక్షణ రుసుము అని ముందే చెప్పు. ఇంకోటి, ఆరడుగుల మనిషి గుంట మగ్గంల కూసుంటే మోకాళ్ళు వచ్చి బట్టకు తగులుతయి. ఎత్తు మగ్గం ఒకటి ఉన్నదా చూడు, లేకుంటే గుంట మీద కూసునే పలక కొంచెం ఎత్తు చెయ్యి.

పది రోజులల్ల అయ్యే పని చిటికి, అంటే నూలుకు కట్లు కట్టి రంగేసుడు. ఒక స్కార్ఫుకు సరిపోయే నూలు పట్టె మీద గుంజి కట్టి, గ్రాఫ్ కాగితం మీద చిన్న డిజైన్ గీయించి, సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతోని కట్టియ్యి. రబ్బరు వదులుగ కడితే రంగు లోపలికి గుంజుతది, అంచు మసక అయితది. అందరూ మొదట చేసే తప్పు ఇదే. ఒక్క రంగుతోనే మొదలువెట్టు. వేడి తొట్టి కాడ కాస్టిక్, హైడ్రోస్ అనే ఘాటు రసాయనాలు ఉంటయి, చేతులకు తొడుగులు లేకుండ ఎవలినీ ముంచనియ్యకు. ఆరినంక రబ్బరు విప్పే గంటనే వాళ్ళకు యాదుండే గంట.

ఆసు (నేసే ముందు నూలును మేకుల చుట్టు తిప్పి పోసుడు) చేత్తో పోసేటోళ్ళు ఇప్పుడు తక్కువ. ఉంటే ఒక పూట వాళ్ళ పక్కన కూసోబెట్టు, ఆడోళ్ళ భుజాల నొప్పి ఏందో సమజైతది. తర్వాత ఆలేరు చింతకింది మల్లేశం తయారు చేసిన ఆసు యంత్రం చూపియ్యి.

ఫోటోల ముచ్చట మర్వకు. జి.ఐ. (భౌగోళిక గుర్తింపు) ఉన్నా ఇక్కత్ డిజైన్లు పవర్‌లూమ్ మీద, ప్రింట్ల మీద దొంగపోతనే ఉన్నయి. ఇంకా మార్కెట్‌కు పోని డిజైన్ ఫోటో తీయొద్దని ఇంగ్లీషుల ఒక కాగితం రాసి షెడ్డుల అంటిచ్చు.

మెయిన్_నది_ఒడ్డున:
అన్నయ్యా, జర్మనీ వైపు సంగతి నేను చెప్తాను. నలుగురు నేతగాళ్ళకు కావాల్సింది షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) షార్ట్ స్టే వీసా, 180 రోజుల్లో 90 రోజుల వరకు. ఆహ్వాన పత్రం ఒక్కటే పంపిస్తే దానికి బరువుండదు. నేతగాళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్లలో బ్యాలెన్స్ కనిపించదు, ఐటీ రిటర్నులు ఉండవు, అక్కడే తిరస్కరిస్తారు. అందుకని పిలిచేవాళ్ళు తమ ఊరి విదేశీయుల కార్యాలయానికి వెళ్ళి 'ఫెర్‌ప్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్' తీసుకోవాలి. అతిథి ఖర్చులన్నీ మేమే భరిస్తామని సంతకం పెట్టే హామీ అది. ఒక్కొక్కదానికి 29 యూరోలు. ఎవరు సంతకం పెడితే వాళ్ళ జీతం కాగితాలు చూస్తారు, కాబట్టి నలుగురి భారం ఒక్కరి మీద వేయకుండా పంచుకోమనండి. అసలు కాపీ ఇక్కడికి కొరియర్‌లో రావాలి, స్కాన్ చాలదు. దాన్ని ఆరు నెలల్లో వాడాలి, మరీ ముందు తీసుకుంటే పనికిరాకుండా పోతుంది.

వీసా ఫీజు పెద్దవాళ్ళకు 90 యూరోలు, ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలది. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. ఎండాకాలం అపాయింట్‌మెంట్లు దొరకవు, జనవరిలోనే మొదలుపెట్టండి. తిరిగి వస్తారనడానికి ఆధారం అడుగుతారు: చేనేత గుర్తింపు కార్డు, సంఘం సభ్యత్వం, మగ్గం మీద ఫోటో, ఇంటి కాగితం, ఇంట్లో మిగిలే కుటుంబం వివరాలు, సంఘం లెటర్‌హెడ్ మీద ఒక పేజీ ఉత్తరం. పాస్‌పోర్టులో పేరు, ఆధార్‌లో పేరు తేడా ఉంటే ముందు అది సరిచేయించండి. పదో తరగతి లేకపోవడం వల్ల ఈసీఆర్ (కొన్ని దేశాలకు పనికి వెళ్ళాలంటే ముందు అనుమతి కావాలనే ముద్ర) పడిన పాస్‌పోర్టు జర్మనీకి అడ్డం కాదు.

ఎవరూ అడగని ప్రశ్న ఇంకోటి. ఇరవై రోజులు మగ్గం ఆగితే ఆ ఇంటి కూలి ఎవరిస్తారు? పిలిచేవాళ్ళతో ఈ మాట ఇప్పుడే తేల్చుకోండి, తర్వాత మొహమాటం అడ్డొస్తుంది. వాళ్ళు పంపితే అది కూడా విదేశీ డబ్బే కాబట్టి ఏ పద్దు కింద తీసుకోవాలో సీఏనే అడగండి.

గుంటమగ్గం:
అందరికీ దండాలు. గది సంగతి ఇయ్యాలనే వాళ్ళకు రాస్త. ఇంకో మాట: సద్దుల బతుకమ్మ నాటికి ఇండ్లల్ల జాగ ఉంటదా అని మా ఆడోళ్ళు అడుగుతున్నరు.

తంగేడుపువ్వు:
ఉండదు తమ్ముడూ. ఆఖరి మూడు రోజులు ఆడబిడ్డలు పుట్టింటికి వస్తరు, ఉన్న మంచాలు వాళ్ళకే చాలవు. ఆ మూడు రాత్రులు అతిథులను దగ్గరి టౌన్‌ల లాడ్జిల పెట్టి, మాపటికి ఆటకు తీసుకరా. లేదంటే ఎంగిలిపూల (మొదటి రోజు) నుంచి ఐదారు రోజులు ఇంట్ల ఉంచి తర్వాత మార్చు. లాడ్జికి మారిస్తే ఫారం లాడ్జోళ్ళు కొత్తగ వేయాలె, అది చూసుకో.

పూలు తెంపేటందుకు పొద్దుగాల వాళ్ళను కూడా తోల్కపో. తాంబాళంల గుమ్మడాకులు పరిచి, కింద తంగేడు, పైన రంగద్దిన గునుగు వరసగ పేర్చుడు రెండు గంటల పని, భాష రాకున్నా చేతులకు వస్తది.

వంట ఆడోళ్ళ నెత్తిన పడెయ్యకు. పొద్దటి టిఫిన్ ఏ ఇంటోళ్ళది ఆ ఇంట్లనే, మధ్యాహ్నం ఒక్క దగ్గర వంటమనిషిని పెట్టి అందరికీ. కారం తగ్గిస్తే సరిపోదు, పచ్చడి గిన్నె అసలు వేరేగ పెట్టాలె, ఒక్కొక్కరు కూర అనుకొని కలుపుకుంటరు. తాగేటందుకు మూతేసిన 20 లీటర్ల క్యాన్లు, రోజుకు రెండు.

రాత్రి వీధి కుక్కల కాడ జాగ్రత్త. కరిస్తే సబ్బుతో పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు సర్కారు దవాఖానకు తీసుకపో. చర్మంల వేసే రేబిస్ టీకా 0, 3, 7, 28 రోజులకు వేస్తరు, రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు వేసే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఊరి పీహెచ్‌సీల ఉండకపోవచ్చు, జిల్లా దవాఖానల ఉన్నదా ముందే ఫోన్ చేసి అడిగి పెట్టుకో. 28 రోజులంటే వాళ్ళు ఇంటికి పోయినంక పడే సూది ఒకటుంటది, దవాఖాన చీటీ పోగొట్టుకోవద్దని చెప్పు.